గోంగూర ముద్ద నోట్లో పెట్టుకున్నాక లోపల ఏం జరుగుతుంది? అరుగుదల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరులో నర్సింగ్ విద్యార్థులకు ఇరవై ఏళ్లకు పైగా ఫిజియాలజీ చెప్పాను. క్లాసులో కంటే క్లాసు బయట నన్ను అడిగిన ప్రశ్నలే ఎక్కువ. బ్రాడీపేటలో కూరగాయల బండి దగ్గర, విజయవాడ వెళ్లే బస్సులో, పెళ్లి భోజనాల బంతిలో పక్కన కూర్చున్నవాళ్లు "మేడమ్, ఈ మధ్య అసలు అరగడం లేదండీ" అని మొదలుపెడతారు. అలా అడిగినవాటిలో మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలు ఇవి. నేను డాక్టర్ని కాను, మందులు చెప్పను. లోపల ఏ భాగం ఏం చేస్తుందో చెప్తాను. మన కడుపు గురించి మనకున్న భయాల్లో సగం, ఏ బాధ ఎక్కడ పుడుతుందో తెలియకపోవడం వల్లే వస్తున్నాయని నా నమ్మకం. మిగతా సగం "గ్యాస్" అనే ఒక్క మాట వల్ల. దాని గురించి కింద వివరంగా రాశాను. ఇంకేదీ చదవకపోయినా అది మాత్రం చదవండి.

అరుగుదల ఎక్కడ మొదలవుతుంది? కడుపులోనా, నోట్లోనా?

వంటింట్లో మొదలవుతుంది. పప్పులో తాలింపు పడి ఇంగువ వాసన ముందు గదిలోకి రాగానే నోట్లో నీళ్లూరుతాయి కదా, అదే సమయంలో జీర్ణాశయంలో కూడా రసం ఊరడం మొదలవుతుంది. ముద్ద ఇంకా పళ్లెంలోనే ఉంటుంది. వాసన, చూపు, తలపు మెదడుకు చేరి, అక్కడి నుంచి వేగస్ అనే నాడి ద్వారా కబురు కిందికి వెళ్తుంది. రష్యాకు చెందిన పావ్లోవ్‌ను గంట మోగిస్తే కుక్కకు లాలాజలం ఊరిన ప్రయోగంతోనే అందరూ గుర్తుపెట్టుకున్నారు. కానీ ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పనికి.

లాలాజలం రోజుకు లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. మూడు జతల గ్రంథులు దాన్ని తయారుచేస్తాయి. అందులో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ అన్నంలోని పిండిపదార్థాన్ని చక్కెరగా విరగ్గొడుతుంది. ఇంట్లో పిల్లలతో ఒకసారి చేసి చూడండి. ఉప్పు, కూర ఏమీ లేని తెల్లన్నం ఒక ముద్ద నోట్లో పెట్టి, మింగకుండా రెండు నిమిషాలు నమలమనండి. తియ్యగా మారుతుంది. నా విద్యార్థుల్లో పాఠం వినగానే నమ్మినవాళ్లు తక్కువ, ఈ ముద్ద నమిలాక నమ్మనివాళ్లు లేరు.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటారు. నిజంగా ఏం జరుగుతుంది?

గొంతులో రెండు దారులున్నాయి. ముందున్నది గాలికి, వెనకున్నది అన్నానికి. మింగేటప్పుడు స్వరపేటిక పైకి లేచి, ఉపజిహ్విక అనే చిన్న మూత గాలిదారి మీద వాలుతుంది. ఆ క్షణం ఊపిరి కూడా ఆగుతుంది. తింటూ నవ్వినా, మాట్లాడినా, మూత పడే సమయం తప్పి ఒక మెతుకో, చుక్క నీళ్లో గాలిదారి వైపు పోతాయి. దాన్ని బయటికి నెట్టడానికే ఆ దగ్గు. మా అమ్మ తల మీద తట్టి "ఎవరో తలుచుకున్నారే" అనేది. ఆ మాటలో ఉన్న ప్రేమ నాకిప్పటికీ ఇష్టం. కానీ దగ్గు రాకుండా, మాట రాకుండా, మనిషి గొంతు పట్టుకుని నీలంగా మారుతుంటే అది పొలమారడం కాదు, దారి పూర్తిగా మూసుకుపోయినట్టు. అప్పుడు తల మీద తట్టుతూ కూర్చోకూడదు. మనిషిని ముందుకు వంచి రెండు భుజాల మధ్య వీపు మీద గట్టిగా కొట్టాలి, పక్కవాళ్లతో 108కి ఫోన్ చేయించాలి.

సరిగ్గా మింగిన ముద్ద దాదాపు 25 సెంటీమీటర్ల ఆహారవాహికలో పదిసెకన్లలోపే దిగిపోతుంది. బరువుకి జారడం కాదది. వెనక కండరం బిగుస్తూ, ముందుది వదులవుతూ అల లాగా తోస్తుంది. అందుకే మంచం మీద పడుకుని తాగినా నీళ్లు కడుపులోకే వెళ్తాయి.

కడుపులో యాసిడ్ మాంసాన్ని కూడా కరిగిస్తుందంటారు. మరి కడుపు ఎందుకు కరగదు?

ఇది నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. జీర్ణాశయంలో ఊరేది అసలు సిసలు హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. పీహెచ్ లెక్కలో ఒకటిన్నర నుంచి మూడున్నర మధ్య ఉంటుంది, అంటే దాదాపు నిమ్మరసమంత, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పులుపు. రోజుకు రెండు లీటర్ల రసం ఊరుతుంది. ఆహారంతో వచ్చే క్రిముల్లో చాలావాటిని ఈ ఆమ్లమే చంపుతుంది. పెప్సిన్ అనే ఎంజైమ్ మాంసకృత్తులను ముక్కలు చేయాలన్నా ఈ పులుపు ఉండాలి.

జీర్ణాశయం తనను తాను కాపాడుకోవడానికి మూడు ఏర్పాట్లు చేసుకుంది. లోపలి గోడ మీద చిక్కటి జిగురు పొర ఉంటుంది. ఆ పొరలోకి బైకార్బొనేట్, అంటే మన వంటసోడా జాతి పదార్థం, ఊరుతూ ఉంటుంది. అందువల్ల గోడకు ఆనుకున్న చోట ఆమ్లం విరిగిపోతుంది. మూడోది, లోపలి కణాలు కొన్ని రోజులకొకసారి రాలిపోయి కొత్తవి వస్తాయి. పెప్సిన్ కూడా ముందు పనిచేయని రూపంలో ఊరి, ఆమ్లం తగిలాకే పదునెక్కుతుంది. ఆ ఏర్పాటు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

బతికున్న మనిషి కడుపులో అరుగుదలను కళ్లారా చూసింది అమెరికా సైన్యంలో డాక్టరుగా పనిచేసిన విలియం బోమాంట్. 1822లో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే యువకుడికి పొరపాటున తుపాకీ పేలి కడుపు దగ్గర గాయమైంది. బతికాడు కాని, ఆ రంధ్రం పూర్తిగా పూడలేదు. బోమాంట్ మాంసం ముక్కను పట్టుదారానికి కట్టి ఆ రంధ్రంలోంచి లోపలికి దింపి, గంట గంటకీ పైకి లాగి ఎంత అరిగిందో చూసేవాడు. 1833లో అవన్నీ పుస్తకంగా వేశాడు. కోపం వచ్చినప్పుడు కడుపు రంగు, రసం మారడం కూడా అందులో రాశాడు. ఆ పేద యువకుడి మీద అన్నేళ్లు అలా ప్రయోగాలు చేయడం న్యాయమేనా అని మా విద్యార్థులు అడిగేవారు. న్యాయం కాదనే చెప్పేదాన్ని.

మా గుంటూరు కారం తింటే అల్సర్ వస్తుందా?

మిర్చి యార్డు ఉన్న ఊళ్లో ఈ ప్రశ్న అడగని ఇల్లు లేదు. సూటిగా చెప్తున్నాను: కారం వల్ల అల్సర్ పుట్టదు.

మిరపలో మంట పుట్టించేది క్యాప్సైసిన్. అది నిజంగా దేన్నీ కాల్చదు. మన నాలుకలో, పేగుల్లో, చర్మంలో వేడిని పసిగట్టే ఒక గ్రాహకం ఉంది. అన్నం మరీ వేడిగా ఉంటే మెదడుకు "కాలుతోంది" అని కబురు పంపేది అదే. క్యాప్సైసిన్ దానికి తగులుకుని, నిప్పు లేకుండానే అదే కబురు పంపిస్తుంది. అందుకే చెమటలు, ముక్కు కారడం. శరీరం నిజంగానే చల్లబరుచుకోవడానికి ప్రయత్నిస్తుంది పాపం. ఈ గ్రాహకాన్ని డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది, ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. ఆ వార్త వచ్చిన రోజు, మా ఊరి పంట మీద నోబెల్ వచ్చినంత సంబరపడ్డాను.

క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. కారం ఎక్కువైనప్పుడు చెంబుడు నీళ్లు తాగితే మంట నోరంతా పాకడమే తప్ప తగ్గదు. పాలు, పెరుగు అయితే వాటిలోని కేసీన్ దాన్ని పట్టి ఈడ్చుకుపోతుంది. గోంగూర పచ్చడిలో నెయ్యి, చివర్లో పెరుగన్నం అనే మన వరస ఊరికే రాలేదు.

మరి అల్సర్ ఎందుకు వస్తుంది? ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా. ఆస్ట్రేలియాలో బారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని కనుక్కున్నప్పుడు ఆమ్లంలో క్రిమి బతకడమేమిటని చాలామంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను తానే తాగి, కడుపులో వాపు తెచ్చుకుని చూపించాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇప్పుడు ఆ అల్సర్‌కు యాంటీబయాటిక్స్ కోర్సు ఉంది. రెండో కారణం మన ఇళ్లలోనే ఉంది: మోకాళ్ల నొప్పులకు, నడుం నొప్పికి మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి మింగే నొప్పి మాత్రలు. జిగురు పొరను నిలబెట్టే రసాయనాలను అవి తయారుకానివ్వవు. పచ్చడి మానేసి నొప్పి మాత్రలు మింగే పెద్దవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఇప్పటికే అల్సర్ ఉన్నవాళ్లకు, ఛాతీలో మంట ఉన్నవాళ్లకు కారం బాధ పెంచవచ్చు. అలాంటివాళ్లు తగ్గించుకోవాల్సిందే.

కారం తిన్న మర్నాడు ఉదయం కూడా మంట ఎందుకు?

క్యాప్సైసిన్ అంతా లోపల ఇంకదు. అదే గ్రాహకం మలద్వారం దగ్గర కూడా ఉంది. అంతే.

భోజనం మధ్యలో నీళ్లు తాగితే అరగదంటారు?

గ్లాసుడు నీళ్లతో ఏమీ కాదు. కావలసినంత ఆమ్లాన్ని జీర్ణాశయం మళ్లీ ఊరిస్తుంది, నీళ్లు త్వరగానే కిందికి పోతాయి. ఛాతీలో పులుపు పైకి తన్నే బాధ ఉన్నవాళ్లు మాత్రం ఒకేసారి కడుపు నిండా తాగకుండా ఉంటే మంచిది.

నాకు గ్యాస్ ట్రబుల్. ఛాతీలో నొక్కేస్తుంది. ఏం చేయాలి?

ఈ ఒక్క మాటలో మనవాళ్లు నాలుగు వేర్వేరు సంగతులు కలిపేస్తారు. విడదీసి చెప్తాను.

మొదటిది తేన్పులు. ఇది మనం మింగిన గాలి. గబగబా తిన్నా, సోడా తాగినా, నోరు తెరిచి నమిలినా గాలి లోపలికి పోతుంది, పైకి వస్తుంది. దీనివల్ల ప్రమాదమేమీ లేదు.

రెండోది గుండెల్లో మంట. పేరులో గుండె ఉన్నా గుండెకు సంబంధం లేదు. ఆహారవాహిక, జీర్ణాశయం కలిసేచోట బిగించి ఉంచే ఒక కండరం ఉంటుంది. అది వదులైతే ఆమ్లం పైకి వస్తుంది. ఆహారవాహికకు ఆ జిగురు రక్షణ లేదు, అందుకే మంట. రాత్రి పదింటికి బిర్యానీ తిని పదిన్నరకు పడుకుంటే ఈ మంట రాకుండా ఉంటే ఆశ్చర్యపడాలి. తిన్నాక రెండు మూడు గంటలు ఆగి పడుకోవడం, తలవైపు మంచం ఎత్తు చేయడం, ఎడమవైపు తిరిగి పడుకోవడం పనిచేస్తాయి. జీర్ణాశయం ఆకారం వల్ల ఎడమవైపు పడుకుంటే ఆమ్లం కిందనే నిలుస్తుంది.

మూడోది పొత్తికడుపు ఉబ్బరం. ఇది పెద్ద ప్రేగులో బాక్టీరియా తయారుచేసే గాలి. దీన్ని తర్వాతి ప్రశ్నలో చెప్తాను.

నాలుగోది అసలు జీర్ణవ్యవస్థలోదే కాదు. గుండెపోటు.

మా మేనమామకు ఒక రాత్రి భోజనం అయ్యాక ఛాతీలో బరువుగా అనిపించింది. "గ్యాస్ పట్టేసిందమ్మా" అన్నాడు. నిమ్మకాయ సోడా తాగించాం, వాము నమిలించాం, వీపు రాశాం. చెమటలు పడుతుంటే ఉక్కపోత అనుకున్నాం. ఇంట్లో ఫిజియాలజీ చెప్పేదాన్ని నేనుండీ, ఆ రాత్రి అందరితో పాటు నేనూ గ్యాసే అనుకున్నాను. తెల్లారాక ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయిస్తే గుండెపోటని తేలింది. బతికాడు. కానీ గుండె కండరం చాలాభాగం దెబ్బతిని, ఆ తర్వాత ఇంటి మెట్లు కూడా ఎక్కలేకపోయాడు. మేం పోగొట్టిన ఆ ఎనిమిది గంటలు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఈ పొరపాటు ఎందుకు జరుగుతుందో శరీర నిర్మాణమే చెప్తుంది. ఆహారవాహిక సరిగ్గా గుండె వెనకనుంచి దిగుతుంది. రెండింటి నుంచి నొప్పి కబుర్లు మోసే నాడులు వెన్నుపాములో దగ్గర దగ్గర చోట్లకే చేరతాయి. నొప్పి ఎవరిదో మెదడుకే సరిగ్గా తెలియదు. గుండెపోటులో వికారం, వాంతి, తేన్పులు కూడా రావచ్చు కాబట్టి "తేన్పు వచ్చింది, ఇక గ్యాసే" అని తేల్చుకోవడానికి లేదు. బరువు పెట్టినట్టు నొప్పి, చెమట, ఎడమ చేతికో దవడకో వీపుకో పాకడం, ఆయాసం — ఇవి ఉంటే సోడా కోసం వెతక్కండి, 108కి ఫోన్ చేయండి. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి అంత స్పష్టంగా ఉండకపోవచ్చు కూడా. ఈసీజీ తీసి ఏమీ లేదంటే నష్టపోయేది కాస్త డబ్బు, ఒక గంట.

పప్పు, శనగలు, ఉలవచారు తింటే గాలి ఎందుకు వస్తుంది?

పప్పుధాన్యాల్లో రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలుంటాయి. వాటిని విరిచే ఎంజైమ్ మనిషి దగ్గర లేదు. అవి చిన్న ప్రేగు దాటి అలాగే పెద్ద ప్రేగుకు చేరతాయి. అక్కడి బాక్టీరియాకు అది విందు. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ కూడా తయారవుతుంది. ఇవన్నీ వాసన లేనివే. వాసనంతా చాలా కొద్దిగా ఉండే గంధకం సమ్మేళనాలది.

గింజలు రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లతో ఉడికిస్తే ఆ చక్కెరల్లో కొంత పోతుంది. ఉలవచారు సంగతి వేరు, ఉడికించిన నీళ్లే చారు కదా. అయినా విజయవాడలో వెన్న వేసిన ఉలవచారు మానేయమని నేను ఎవరికీ చెప్పను. కొద్దికొద్దిగా అలవాటు చేస్తే చాలామందికి ఉబ్బరం తగ్గుతుంది.

నెయ్యి నీళ్లలో కలవదు. మరి లోపల ఎలా అరుగుతుంది?

జిడ్డు గిన్నెకు సబ్బు ఏం చేస్తుందో కాలేయం నుంచి వచ్చే పైత్యరసం నెయ్యికి అదే చేస్తుంది. పెద్ద చుక్కల్ని సన్నని తుంపరగా విడగొడుతుంది. అప్పుడు క్లోమం నుంచి వచ్చిన లైపేజ్ వాటి మీద పనిచేయగలుగుతుంది. కాలేయం ఈ రసాన్ని రోజుకు అరలీటరు నుంచి లీటరు వరకు చేస్తుంది. భోజనాల మధ్య అది పిత్తాశయం అనే చిన్న సంచిలో చిక్కబడి దాగి ఉంటుంది. కొవ్వు ఆంత్రమూలానికి, అంటే చిన్న ప్రేగు మొదటి భాగానికి, చేరగానే ఒక హార్మోన్ రక్తంలోకి విడుదలై ఆ సంచిని పిండుతుంది. సంచిలో రాళ్లుంటే ఆ పిండుడుకే నొప్పి. పెళ్లి భోజనం అయిన గంటా రెండు గంటలకు కుడి డొక్కలో పైన మొదలై కుడి భుజం వైపు పాకే నొప్పి మళ్లీ మళ్లీ వస్తే స్కాన్ చేయించుకోండి.

పైత్యరసం లవణాల్లో నూటికి 95 వంతులు చిన్న ప్రేగు చివర మళ్లీ పీల్చుకుని కాలేయానికి తిరిగి పంపబడతాయి. ఒక్క రోజులో అవే లవణాలు చాలాసార్లు తిరుగుతాయి. ఇంత పొదుపు మన ఇంట్లో కూడా ఉండదు.

తిన్నది ఒంటికి పట్టడం అంటే ఏమిటి? అది ఎక్కడ జరుగుతుంది?

చిన్న ప్రేగులో. పొడవు దాదాపు ఆరు మీటర్లు. లోపలి గోడంతా మడతలు, మడతల మీద వెల్వెట్ నూగులాంటి ఆంత్రచూషకాలు, వాటి మీద ఇంకా సన్నని నూగు. పాత పుస్తకాల్లో దీన్నంతా పరిస్తే టెన్నిస్ కోర్టంత అని ఉండేది. నేనూ అలాగే చెప్పాను. 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్లీ కొలిచి, జీర్ణనాళం లోపలితలమంతా కలిపి సుమారు 32 చదరపు మీటర్లే అని తేల్చారు. మన లెక్కలో 38 గజాలు. తక్కువేం కాదు, కడుపులో ఒక గదినంతా మడిచి పెట్టుకున్నట్టు.

ఈ గోడ పాడైతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. స్ప్రూ అనే జబ్బు అలాంటిదే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరుణ్ణి పోగొట్టుకున్నది ఈ జబ్బుతోనే. తర్వాత అమెరికాలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది, స్ప్రూ రోగులకు అది మందయింది. క్లాసులో ఈ భాగం చెప్పేటప్పుడు నా గొంతు ప్రతిసారీ మారేది.

ఒక వాడుక విషయం: అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటుంటే ఒక గంట వెనక్కి జరపండి. టీలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును పట్టేసుకుంటాయి. నిమ్మకాయ పిండుకుంటే దానికి ఎదురుగా పనిచేసి ఇనుము ఎక్కువ ఇంకుతుంది. రక్తం తక్కువగా ఉన్న ఆడపిల్లలున్న ఇళ్లకు ఇది తప్పకుండా చెప్తుంటాను.

విరేచనాలప్పుడు నీళ్లు తాగితే ఇంకా ఎక్కువవుతాయి కదా, ఎందుకు తాగమంటారు?

ఇది ప్రాణం తీసే అపోహ. ముందు ఒక లెక్క చూడండి. రోజూ మన ప్రేగుల్లోకి దాదాపు తొమ్మిది లీటర్ల ద్రవం చేరుతుంది. మనం తాగేది, తినేదానిలో ఉండేది కలిపి రెండు లీటర్లు. మిగతా ఏడు లీటర్లు లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, ప్రేగు రసం. ఇందులో మలంలో బయటికి పోయేది రెండొందల మిల్లీలీటర్ల లోపే. మిగిలినదంతా శరీరం తిరిగి లాక్కుంటుంది. విరేచనాలంటే ఈ తిరిగి లాక్కునే పని దెబ్బతినడం. మీరు నీళ్లు తాగకపోయినా ఒంట్లోని నీరు అందులోంచి పోతూనే ఉంటుంది.

ఉత్త నీళ్లు సరిపోవు. ప్రేగు గోడలో ఒక తలుపుంది. దానిలోంచి ఉప్పులోని సోడియం, గ్లూకోజ్ రెండూ జోడుగానే లోపలికి వెళ్తాయి, వాటి వెనకే నీరు వెళ్తుంది. 1960లో రాబర్ట్ క్రేన్ ఈ జోడు సంగతి చెప్పాడు. కలరాలో కూడా ఈ తలుపు పాడవదు. ఓఆర్ఎస్ పనిచేసేది దీన్ని పట్టుకునే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పెట్టి తాగించాడు. నూటికి 30 మంది చనిపోతున్నచోట ఆ సంఖ్య నాలుగు లోపుకు దిగింది.

ప్యాకెట్ దొరికితే దాని మీద ఎన్ని నీళ్లు అని రాసి ఉందో చదివి అన్నే కలపండి, కొన్ని లీటరుకు, కొన్ని గ్లాసుకు ఉంటాయి. దొరక్కపోతే లీటరు మంచి నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. టీ చెంచా, తలగొట్టి కొలవాలి. ఉప్పేసిన గంజి కూడా ఇదే పని చేస్తుంది, గంజిలోని పిండి లోపల గ్లూకోజ్‌గా మారుతుంది కాబట్టి. మన అమ్మమ్మలు గంజి తాగించింది సరైనదే. అమ్మమ్మలు తప్పు చేసింది పాలిచ్చే తల్లులతో పాలు ఆపించడం దగ్గర. ఆపకూడదు. పసిపిల్లలు నీరసపడి కళ్లు లోపలికి పోతుంటే, మూత్రం రాకపోతే, మలంలో రక్తం పడితే ఇంట్లో కూర్చోవద్దు.

పాలు పడవు, పెరుగు మాత్రం పడుతుంది. రెండూ ఒకటే కదా?

పాలలోని లాక్టోజ్‌ను విరిచే లాక్టేజ్ ఎంజైమ్ పసితనంలో బాగా ఉండి, పెద్దయ్యాక మనలో చాలామందికి తగ్గిపోతుంది. విరగని లాక్టోజ్ పెద్ద ప్రేగుకు చేరి ఉబ్బరం, విరేచనం తెస్తుంది. పెరుగు తోడుకునేటప్పుడు బాక్టీరియా ఆ లాక్టోజ్‌లో కొంత తినేస్తాయి. మిగిలినది విరిచే ఎంజైమ్‌ను కూడా అవే వెంట తెస్తాయి. కాబట్టి పాలు మానేసినా పెరుగన్నం మానక్కర్లేదు.

చద్దన్నం మంచిదేనా?

మంచిదే. వండిన అన్నం చల్లారితే అందులోని పిండిపదార్థంలో కొంత గట్టిపడి, చిన్న ప్రేగులో అరగకుండా పెద్ద ప్రేగుకు వెళ్తుంది. అక్కడ సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని 2016లో ఒక లెక్క వేశారు. అవి ఈ పిండిని తిని బ్యుటిరేట్ అనే పదార్థాన్ని ఇస్తాయి. పెద్ద ప్రేగు కణాలకు అది ముఖ్యమైన ఆహారం. ఒక జాగ్రత్త: బెజవాడ ఎండల్లో అన్నాన్ని గిన్నెలో అలాగే ఉదయం నుంచి రాత్రిదాకా వదిలేసి తర్వాత వేడిచేసి తినకండి. ఉడికినా చావని ఒక బాక్టీరియా అందులో పెరిగి విషం తయారుచేస్తుంది, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు.

మా అబ్బాయికి పరీక్షంటే చాలు, పొద్దున నాలుగుసార్లు బాత్రూంకి పరిగెడతాడు. జబ్బా?

హాస్టళ్లున్న మన గుంటూరు, విజయవాడల్లో ఈ ప్రశ్న ప్రతి వేసవీ వింటాను. ప్రేగుల గోడల్లో పదికోట్లకు పైగా నాడీకణాలున్నాయి. మెదడు చెప్పకపోయినా సొంతంగా ప్రేగుల్ని కదిలించగలిగినంత పెద్ద వ్యవస్థ అది. టెన్షన్ వచ్చినప్పుడు మెదడు నుంచి వెళ్లే రసాయనాలు జీర్ణాశయాన్ని నెమ్మదింపజేసి, పెద్ద ప్రేగును వేగంగా నడిపిస్తాయి. అందుకే ఆకలి చచ్చిపోతుంది, విరేచనం తొందరపెడుతుంది, రెండూ ఒకేసారి. పిల్లవాడు నటించడం లేదు. దయచేసి "పరీక్షనగానే నీకు కడుపునొప్పి గుర్తొస్తుంది" అని అనకండి. పరీక్షలు అయిపోయాక కూడా నెలల తరబడి ఉంటే, బరువు తగ్గుతుంటే, నిద్రలోంచి లేపుతుంటే చూపించాలి.

కాఫీ తాగితేనే పొద్దున కదలిక వస్తుంది. అలవాటా?

కొంత అలవాటు, కొంత శరీర ధర్మం. ఖాళీ కడుపులో ఏదైనా పడగానే పెద్ద ప్రేగు కదులుతుంది. కాఫీ ఆ కదలికను ఇంకా పెంచుతుంది.

ఆకలేసినప్పుడు కడుపులో ఆ శబ్దం ఏమిటి?

"కడుపులో ఎలుకలు పరిగెత్తుతున్నాయి" అంటాం కదా, అది ఊడుపు. ఏమీ తినని సమయంలో దాదాపు గంటన్నర, రెండు గంటలకొకసారి జీర్ణాశయం నుంచి చిన్న ప్రేగు చివరిదాకా ఒక బలమైన అల వెళ్లి మిగిలిన ముక్కలను, బాక్టీరియాను కిందికి ఊడ్చేస్తుంది. గాలి, ద్రవం కదిలే చప్పుడది. ఏదో ఒకటి నోట్లో వేసుకుంటూనే ఉంటే ఈ ఊడుపు జరగదు.

ఆవకాయ తిన్నాను, వేడి చేసింది. నిజంగా ఒళ్లు వేడెక్కుతుందా?

థర్మామీటరు పెడితే మారదు. కానీ ఆ మాటను కొట్టిపారేయలేను, ఎందుకంటే చెప్పే బాధలు నిజమైనవి. ఉప్పు, కారం ఎక్కువ తిని, మే నెల ఎండలో చెమటోడ్చి, నీళ్లు తక్కువ తాగితే మూత్రం చిక్కబడి మంట పుడుతుంది, నోరు ఎండుతుంది, మలం గట్టిపడుతుంది. పెద్ద ప్రేగు నీటిని మరింతగా లాగేసుకుంటుంది మరి. పల్చటి మజ్జిగ తాగితే "చలవ" చేయడానికి కారణం అందులోని నీరు, ఉప్పు. పేరు ఏదైనా వైద్యం సరైనదే.

మలం రంగు చూసి ఏమైనా చెప్పొచ్చా?

చెప్పొచ్చు, సిగ్గుపడక్కర్లేదు. మామూలు గోధుమ రంగు పాత ఎర్ర రక్తకణాలు విరిగి, పైత్యరసంలో కలిసి, బాక్టీరియా చేతిలో మారిన రంగు. సున్నంలా తెల్లగా ఉంటే పైత్యం దిగడం లేదు, కామెర్లు చూడాలి. తారులా నల్లగా, జిగటగా, చెడువాసనతో ఉంటే పైన ఎక్కడో రక్తం కారుతూ ఉండవచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లకు కూడా నల్లగా వస్తుంది, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. ఎర్రటి రక్తం పడితే మొలలే అని మీరే తేల్చుకోవద్దు.

తిన్నది బయటికి రావడానికి ఎంతసేపు పడుతుంది?

జీర్ణాశయంలో రెండు నుంచి నాలుగు గంటలు, నెయ్యి, మాంసం ఎక్కువైతే ఇంకా సేపు. చిన్న ప్రేగులో మూడు నుంచి ఆరు గంటలు. అసలు ఆలస్యమంతా మీటరున్నర పొడవున్న పెద్ద ప్రేగులోనే, అర రోజు నుంచి రెండు రోజుల దాకా. కాబట్టి "పొద్దున తిన్న ఇడ్లీ వెంటనే వెళ్లిపోయింది" అంటే వెళ్లింది నిన్నటిదో మొన్నటిదో.

మీది ఎంతో తెలుసుకోవాలంటే ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. వర్షాకాలంలో రైతు బజారులో లేత మొక్కజొన్న కండె కొని, ఉడకబెట్టి, గింజలు పూర్తిగా నమలకుండా తినండి. తిన్న సమయం క్యాలెండరు మీద రాసుకోండి. గింజ పైతొక్క సెల్యులోజ్, మన ఎంజైములకు లొంగదు, మునక్కాయ పీచులాగే. ఆ తొక్కలు మళ్లీ కనిపించిన రోజు, గంట రాసుకోండి. పన్నెండు గంటల నుంచి రెండు రోజుల మధ్యలో ఉంటే మీ ప్రేగులు బాగానే నడుస్తున్నట్టు. మూడు రోజులు దాటుతుంటే నీళ్లు, ఆకుకూరలు, నడక పెంచి, రెండు వారాలయ్యాక ఇంకో కండె కొనుక్కుని మళ్లీ చూడండి.